సక్కుబాయి తీసిన ఒట్టు

మా మామ శివయ్య ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. చార్మినార్ నుంచి సికింద్రాబాద్ దాకా, జనం ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నా ఎవరికీ గీత పడకుండా తీసుకెళ్లి తీసుకొచ్చిన మనిషి. ఆ మనిషి రెండు చక్రాల బండిని మాత్రం ముట్టేవాడు కాదు. ఎవరైనా బండి మీద దింపుతామన్నా నడిచే వెళ్లేవాడు.

కారణం మా అత్తమ్మ సక్కుబాయి. నేను కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టడానికి చాలా ముందే, ఆమె తమ్ముడు జగదీశ్వర్ మోటార్ సైకిల్ మీద పోతూ చాంద్రాయణగుట్ట దగ్గర లారీ కింద పడ్డాడు. దినాలు అయిన రోజు అత్తమ్మ చుట్టాలందరి ముందూ మామ కుడిచేయి గుంజి తన నెత్తిన పెట్టుకుందట. "ఇగ నువ్వు బండి ముడితె నా మీద ఒట్టు" అందట. ఒట్టు తప్పితే పోయేది మామ కాదు, అత్తమ్మ. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి మొగుణ్ణి కాపాడుకోవడానికి తన తలనే తాకట్టు పెట్టింది.

మామ బండి యెజ్డీ మోటార్ సైకిల్. మొఘల్‌పురాలో మా ఇంటి మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని ఉండేది. అమ్మమని అత్తమ్మ అనలేదు, అమ్ముతానని ఆయన అనలేదు. ఆదివారం ఆదివారం పట్టా తీసి, హ్యాండిల్ నుంచి పొగగొట్టాల దాకా తుడిచేవాడు. చేయి తగలనిచ్చేవాడు కాదు. గుడ్డ అడ్డముంటే ముట్టినట్టు కాదని ఆయన లెక్క. కొత్తలో అది చూసి నేను నవ్వుకునేదాన్ని. "అత్తమ్మా, నీ సవతికి స్నానమవుతోంది" అనేదాన్ని. అత్తమ్మ నవ్వేది కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి, ఆయన తుడవడం అయ్యేదాకా చూసి లోపలికి వెళ్లేది.

మొన్నటి ఉగాదికి పచ్చడి అత్తమ్మకు సయించలేదు. చేదెక్కువ చేశానని నా మీద వేసింది. తర్వాత అన్నం సయించలేదు. చాయ్ వద్దన్ననాడు మామకు భయం పట్టుకుంది. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నన్నూ, మా ఆయన సాగర్‌నూ వరండాలోకి పిలిచింది. జబ్బు కాలేయమంతా పాకిందని, ఎక్కించే మందు బాధ తగ్గించడానికే తప్ప నయం చేయడానికి కాదని చెప్పింది. ఈ ఎండాకాలం దాటితే దాటినట్టే అంది. పెద్దవాళ్లిద్దరికీ చెప్పొద్దని సాగర్ నా చేత మాట తీసుకున్నాడు. ఆ ఇంట్లో అందరికీ ఒట్లే.

మొదటిసారి మందు ఎక్కించుకుని ఆటోలో వస్తుంటే అఫ్జల్‌గంజ్‌లో ఒకసారి, నయాపూల్ మీద ఒకసారి ఆపించి కక్కుకుంది. ఇంటికొచ్చి మంచం మీద కాసేపు కళ్లు మూసుకు పడుకుంది. తర్వాత కళ్లు తెరిచి మామను చూసింది.

"ఇగ నేను ఆటో ఎక్క. కారు గూడ ఎక్క. ఆ వాసన నాతోని కాదు. మొఖానికి జర గాలి తగులాలె. యెజ్డీ తీయ్."

మామ నీళ్ల గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మతి ఉండే మాట్లాడుతున్నవా సక్కూ?"

"మతికేమైంది? మంచిగనే ఉన్నది."

"ఒట్టు ఎవరి మీద ఏసినవో యాదికున్నదా?"

"నా మీదనే ఏసిన. నేనే ఏసిన, నేనే తీస్త. గంతేనాయె."

"ఏస్తె ఏసినట్టు, తీస్తె తీసినట్టు, గదేమన్న తలుపు గొళ్లెమా? ఇరవై ఏండ్ల సంది నేను ముట్టలే. ఇప్పుడు నువ్వు గిట్ల పండుకున్నప్పుడు ముట్టాల్నా?" మామ గ్లాసు కింద పెట్టాడు. "నీకేమన్నయితే నేను ఏమనుకొని బతకాలె?"

నాకో అనుమానం వచ్చింది. నోరూరుకోక బయటికే అనేశాను. "అత్తమ్మా, ఆటో వాసన పడది గని యెజ్డీ పొగ పడ్తదా? అది దోమల మందు కొట్టె బండి లెక్క పొగ ఇడుస్తది గదా?"

అత్తమ్మ నన్ను చూసిన చూపుకు నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

రెండోసారి మందు ఎక్కించుకునే రోజు దగ్గర పడింది. అత్తమ్మ మొండికేసింది. యెజ్డీ మీదైతే వస్తాను, లేకపోతే ఇంట్లోనే పడుంటానంది. సాగర్ కారు మాట్లాడుకొస్తే తలుపు వేసుకుంది. "అమ్మా, బాపు ఇప్పుడు బండి నడిపితే ఇద్దర్ని ఎత్తుకొని తేవాలె మేము" అని సాగర్ అరిచాడు. "తేండ్రి" అని లోపలినుంచి జవాబొచ్చింది. మామ ఒక రోజంతా అరుగు మీదే కూర్చున్నాడు. ఒట్టు తప్పితే ఆమె పోతుంది, మందు ఎక్కకపోయినా పోతుంది. ఎటు చూసినా ఆయనకు అదే కనబడింది.

మర్నాడు పొద్దున అత్తమ్మ స్నానం చేసి, మెట్ల దగ్గర కుర్చీ వేయించుకుంది. దువ్వెన పెడితే వెంట్రుకలు కుచ్చులుగా ఊడివస్తున్న రోజులవి. మామను పిలిచింది. నన్నూ పిలిచింది.

"సుజనా, నువ్వు నిలబడి చూడు. ఏసినప్పుడు పదిమంది చూసిన్రు. తీసేటప్పుడు ఒక్కలన్న చూడాలె."

మామ కుడిచేతిని చిన్నపిల్లవాడిలా వీపు వెనక దాచుకున్నాడు. అత్తమ్మ లేవబోయి తూలింది. ఆమెను పట్టుకోవడానికి ఆయన చేయి దానంతటదే ముందుకొచ్చింది. ఆమె దాన్నే పట్టుకుంది. నెత్తిన పెట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"నా మీది ఒట్టు నేనే తీస్తున్న. ఇగ నీకు ఏ కట్టు లేదు. నువ్వు బండి ముట్టినా, నడిపినా నేను సల్లగనే ఉంట."

ఆ చేతిని అలాగే పట్టుకుని, గోనెపట్టా పక్కకు లాగి, పెట్రోలు ట్యాంకు మీద పెట్టింది. మామ అరచేతికి అంటుకున్న ఆమె వెంట్రుకలు రెండు ట్యాంకు మీద పడ్డాయి. ఎప్పుడూ గుడ్డ చేతిలో ఉండే మనిషి, వాటిని తుడవలేదు. ట్యాంకు మీద చేయి వేసి, తల వంచుకుని, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

శాలిబండలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న డానియేలు యెజ్డీని ముక్కలు ముక్కలుగా విప్పాడు. "అన్నా, దీంట్ల ఎలుకలు మూడు తరాలు కాపురం చేసినయ్" అని మామను ఆట పట్టించాడు. ఆ బండికి కిక్కు కొట్టే రాడ్డే, ముందుకు మడిస్తే, గేరు రాడ్డవుతుంది. మామ కాలికి అది గుర్తుందో లేదోనని మేం చూస్తున్నాం. రెండో కిక్కుకే బండి మోగింది. గల్లీ అంతా నీలం పొగ. మామ కాలు రాడ్డును మడిచి గేరు వేసింది. ఆ ఒక్క క్షణం ఆయన మొహంలో ఇరవై ఏళ్లు వెనక్కి పోయాయి. నేను చూశాను. గుమ్మంలో నిలబడి అత్తమ్మ కూడా చూసింది. చూసి, పమిట అంచుతో మూతి ఒత్తుకుంది.

కాలికి గుర్తున్నా ఒంటికి బస్సే గుర్తుంది. గల్లీ మలుపులో బస్సు తిప్పినట్టు అంత వెడల్పున తిప్పి, ఎదురింటి గోడను గీకాడు. "అరే డ్రైవర్ సాబ్, ఆహిస్తా, మెల్లగ! గోడకు టికెట్ లేదు!" అని మేడ మీంచి ఎవరో అరిచారు. రెండుసార్లు పడ్డాడు, మోచెయ్యి గీసుకుపోయింది. ఆ గాయం అత్తమ్మకు కనబడకుండా ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా వేసుకు తిరిగాడు.

ఆసుపత్రికి బయల్దేరిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. అత్తమ్మ ఒకవైపుకి కాళ్లు పెట్టి కూర్చుంది. కుడిచేయి మామ భుజం మీద వేసింది. బండి మోగుతోంది. కదలడం లేదు.

"కూసున్న. పో."

మామ పోలేదు.

"ఏమైంది? పో అంటున్న గదా."

"పో అంటె పోవుడు కాదు. కండక్టర్ రైట్ చెప్పంది డ్రైవర్ బండి కదిలియ్యడు. నా సర్వీసుల ఒక్కనాడు కదిలియ్యలే."

అత్తమ్మ నవ్వింది. ఉగాది తర్వాత ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఆయన వీపు మీద రెండుసార్లు తట్టి, "రైట్ రైట్" అంది. బండి కదిలింది. సాగర్ తల పట్టుకున్నాడు గానీ తన మొహంలోనూ నవ్వుంది.

దారుల్‌షిఫా స్టాపు దగ్గర అలవాటు చొప్పున మామ బండిని పక్కకు తీసి ఆపేశాడట. "ఎవలన్న దిగేటోళ్లు ఉన్నరా?" అని అత్తమ్మ అడిగిందట. అక్కడ నిలబడ్డ జనమంతా చూస్తుంటే ఇద్దరూ నవ్వుకున్నారట. తిరిగొచ్చి ఆ సంగతి ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పారు. "గాలికి ఎంత సుఖమున్నదో! ఒక్కసారన్న కడుపుల తిప్పితే ఒట్టు" అంది అత్తమ్మ. మళ్లీ ఒట్టంటావా అని మామ కసురుకున్నాడు.

మామ డానియేలు దగ్గరికి వెళ్లగానే అత్తమ్మ నన్ను స్నానాలగదిలోకి పిలిచింది. లోపల బకెట్టు మీద వంగి పేగులు బయటికొచ్చేట్టు కక్కుకుంది. దారి పొడుగునా బిగబట్టుకున్నదంతా అక్కడ వదిలింది. నేను వీపు నిమిరాను.

"గీ సంగతి మామకు చెప్పకు" అంది, నోరు కడుక్కుని.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. మొండితనం అనుకున్నాను. నా కొంగుతో ఆమె మొహం తుడిచి ఊరుకున్నాను.

ఎండలు ముదిరేదాకా అలా నడిచింది. మందు ఎక్కించుకునే రోజునే కాదు, ఊరికే సాయంత్రాలు కూడా వెళ్లేవారు. ఒకరోజు మామ అత్తమ్మను లాడ్ బజార్ తీసుకెళ్లి, ఆమె చేతులు సన్నబడ్డాయి కదా, చిన్న సైజు గాజులు వేయించుకొచ్చాడు. "పెండ్లినాటి సైజు" అని అందరికీ చూపించాడు. నేను లోపలికి వెళ్లి ఏడ్చాను.

మొదటి వాన పడేసరికి అత్తమ్మ కళ్లు పచ్చబడ్డాయి. కాళ్లు వాచాయి. ఆ సాయంత్రమే మామ యెజ్డీని మెట్ల కిందకు నెట్టి, గోనెపట్టా కప్పి, పైన తాడుతో కట్టాడు.

"ముట్టనన్ని దినాలు మంచిగుండె. ముట్టిన, గిట్లయింది" అన్నాడు.

సాగర్ తట్టుకోలేకపోయాడు. "బాపూ, బండికీ దీనికీ ఏం లేదు. డాక్టరమ్మ ఉగాదికే చెప్పింది మాకు. నీకు చెప్పలే అంతే."

మామ కొడుకు మొహంలోకి చూశాడు. "నన్ను ఊకోపెట్టనీకె గిట్ల చెప్తున్నవ్ బిడ్డా. నాకు తెల్వదా" అని లేచి వెళ్లాడు. నిజం అప్పటికి ఆలస్యమైపోయింది, దాన్ని నమ్మే స్థితిలో ఆయన లేడు.

మర్నాడు అత్తమ్మ కాళ్లకు నూనె రాస్తున్నాను. ఆమె పైకప్పు చూస్తూ మాట్లాడింది.

"వరండల మీకు డాక్టరమ్మ చెప్పింది గద, గా దినమే నేను నర్సమ్మను అడిగిన. నేను పోతనని నాకు తెలుసు సుజనా."

నా చేయి ఆగిపోయింది.

"రాయ్, రాయ్. ఆపకు." కాస్త ఊపిరి తీసుకుంది. "జగదీశ్ పోయిన భయంతోని ఆయన మీద గంత బరువు పెట్టిన. భయం పోయినంక తీద్దామనుకున్న. ఇయ్యాల, రేపు అనుకుంటనే గిన్నేండ్లాయె. ఆయన గుడ్డ పట్టుకొని తుడుస్తుంటె నా కండ్లు మండేటియి. ఇప్పుడు నేను పోతె ఈ ఒట్టు ఎవలు తీస్తరే? చచ్చినోళ్ల మీది ఒట్టు తీసేటోళ్లు ఉండరు. జిందగీ అంత ఆ మెట్ల కింద కూసొని తుడుసుకుంటనే ఉంటడు."

"మరి ఆటో వాసన?"

"ఆటోల గూడ కూసుందును." ఆమె పెదవులు కొంచెం కదిలాయి. "ఊకె ఒట్టు తీస్త అంటె ఆయన తీయనిస్తడా? నేను పోతున్నననే తీస్తున్నదని పసిగట్టడా?"

"ఇప్పుడు తనే నిన్ను చంపిన అనుకుంటున్నడు అత్తమ్మా. చెప్తా మామకు."

"నేను ఉండంగ చెప్పకు. ఏడుస్తడు. ఆయన ఏడుస్తె నేను చూడలేను. పోయినంక చెప్పు. చెప్పి, బండి ఎక్కియ్యి."

ఆ తర్వాత ఆమె తిండి మానేసింది. ఒక్కసారి పత్తర్‌గట్టి దాకా తీసుకెళ్తే తింటానంది, దుకాణాల షటర్లు తెరవకముందు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. మామ కాదన్నాడు, బతిమాలాడు, చివరికి తాడు విప్పాడు. ఆమెను సాగర్ ఎత్తి కూర్చోబెట్టాడు. కూర్చోలేక పక్కకు ఒరుగుతుంటే నా చున్నీ తీసి ఇద్దరి నడుములూ కలిపి కట్టాను. పెళ్లిలో కొంగుముడి వేసినట్టుందని ఎవరికైనా అనిపించినా ఎవరం అనలేదు. ఆమెకు గొంతు రాలేదు. చేయెత్తి ఆయన వీపు మీద రెండుసార్లు తట్టింది. బండి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది.

తిరిగొచ్చాక మామ దిగలేదు. ఇంజిన్ ఆపి, రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి, బండిని నిలబెట్టి కూర్చున్నాడు. ఆమె తల ఆయన వీపు మీద ఆనుకుని ఉంది. "పండుకున్నది. లేపకుండ్రి" అన్నాడు గుసగుసగా. ఎండ గల్లీలోకి దిగేదాకా అలాగే ఉన్నాడు. కాళ్లు వణుకుతున్నా కదల్లేదు.

ఆషాఢంలో, గల్లీ చివర బోనాల డప్పులు మోగుతున్న రోజుల్లో అత్తమ్మ పోయింది. మామ అందరి ముందూ ఏడవలేదు. దినాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. ఆదివారం వచ్చింది. ఆయన మెట్ల దగ్గరికి వెళ్లలేదు. గుడ్డ కూడా పట్టలేదు. యెజ్డీ మీద దుమ్ము పేరుకుంది.

"బండి అమ్మేద్దామా బాపూ?" అని సాగర్ అడిగితే, "కొన్నోడు ముట్టినా పాపమే. ఇనుప సామాన్లోనికి ఎయ్యి" అన్నాడు.

ఇక ఆగలేదు నేను. పక్కన కూర్చుని అత్తమ్మ చెప్పిందంతా, ఆమె చెప్పినట్టే చెప్పాను. నర్సమ్మను అడిగిన సంగతి, ఒట్టు తీసేవాళ్లుండరన్న సంగతి, స్నానాలగదిలో బకెట్టు సంగతి. మామ నా వైపు చూడకుండా విన్నాడు. అంతా అయ్యాక ఒక్క మాటే అడిగాడు.

"అయితె, ఆటోల గూడ కూసునేదేనా?"

"కూసునేది మామా."

"మరి నా బండి మీద..." అని ఆగాడు. "గంత బాధ అంత నా వెనుక కూసొనే పట్టిందా?"

నేను తలూపాను. ఆయన తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు, పెద్దగా, ఇల్లంతా వినబడేట్టు. సాగర్ వచ్చి పక్కన కూర్చుని తండ్రి మోకాలి మీద చేయి వేశాడు. మేమెవరం ఊరుకోమనలేదు.

పత్తర్‌గట్టిలో చీరల దుకాణంలో నా ఉద్యోగం. కొన్నాళ్ల తర్వాత ఒక పొద్దున అన్నం డబ్బా పట్టుకుని బయటికి వస్తే, యెజ్డీ గుమ్మం ముందుంది. తుడిచి ఉంది. మామ దాని మీద కూర్చుని ఉన్నాడు.

"కూసో బిడ్డా. దుకాణం కాడ దింపుత."

కూర్చున్నాను. కిక్కు కొట్టాడు. బండి మోగింది. కదల్లేదు. రోడ్డు మీద ఏదైనా అడ్డముందేమోనని తొంగి చూశాను. ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

"రైట్ రైట్, మామా" అన్నాను.

ఆయన కదిలించలేదు. చెయ్యెత్తి వీపు మీద రెండుసార్లు తట్టబోయాను. నా చేయి తగలకముందే, వెనక్కి తిరగకుండా, నెమ్మదిగా అన్నాడు.

"ఆగు బిడ్డా. ఇంకొకలు ఎక్కేది ఉన్నది."

చేయి దించేసుకున్నాను. బండి మోగుతూనే ఉంది. పొగ గల్లీని నింపేసింది. ఎదురింటావిడ కిటికీ మూయడానికి వచ్చి, మమ్మల్ని చూసి, మూయకుండానే వెళ్లిపోయింది. మామ చూపు మా గుమ్మం మీదే ఉంది. లోపలినుంచి ఎవరైనా చీర సర్దుకుంటూ ఇప్పుడే వస్తారన్నట్టు చూస్తున్నాడు. నేనూ అటే చూశాను.

చాలాసేపటికి మామ తల ముందుకు తిప్పుకున్నాడు.

"రైట్," అన్నాడు. గొంతు సరిచేసుకుని ఇంకోసారి అన్నాడు, "రైట్."

గేరు వేశాడు. అత్తమ్మ ఎక్కకుండానే బండి కదిలింది.